గోడ పగలకుండా పాత ఇనుప కిటికీ ఫ్రేమ్ తీయడం ఎలా?

పాత ఇల్లు బాగుచేయించుకుంటూ యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టించుకోవాలనుకునేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది. "గోడలో బిగుసుకుపోయిన ఇనుప ఫ్రేమ్ బయటికి రావాలంటే గోడ పగలగొట్టాల్సిందేనా?" అక్కర్లేదు. ఫ్రేమ్‌ను పట్టుకుని పీకితే గోడ పగులుతుంది, ముక్కలుగా కోసి తీస్తే పగలదు.

చాలా ఇళ్ళలో జరిగేది ఇది. కొత్త కిటికీలు బిగించేవాళ్ళు పాతది తీసే పని తమది కాదంటారు. మేస్త్రీ సమ్మెట తీసుకుని నాలుగు దెబ్బలు వేస్తాడు. ఫ్రేమ్ వస్తుంది. దాంతోపాటు చుట్టూ ఉన్న గార, అంచున ఉన్న ఇటుకలు, సన్‌షేడ్ కింది పెచ్చులు కూడా వస్తాయి. అక్కడి నుంచి కిటికీ సంగతి పక్కకు పోయి గోడ మరమ్మతే పెద్ద టెన్షన్ అవుతుంది. తుప్పు పట్టిన ఫ్రేమ్ ఎలాగూ పాత ఇనుము కొట్టుకే పోతుంది, దాన్ని ఎన్ని ముక్కలు చేసినా మీకు నష్టం లేదు. కాపాడుకోవాల్సింది గోడను, కిటికీ పైన గోడ బరువు మోసే అడ్డ దూలాన్ని, అంటే లింటెల్‌ను.

మీరే చేసుకున్నా, పనివాళ్ళతో చేయించుకున్నా ఈ క్రమమే పనికొస్తుంది. ఇనుము కోసే చేతి గ్రైండర్ ఎప్పుడూ పట్టుకోనివాళ్ళు కోత వరకు వెల్డింగ్ షాపు మనిషికి అప్పగించి, మిగతాది దగ్గరుండి చేయించుకోండి. ఇద్దరు మనుషులు తప్పనిసరి. ఒక్కరే ఉన్నరోజు ఈ పని మొదలుపెట్టకండి.

అసలు పూర్తిగా తీయాలా?

ముందు ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని ఫ్రేమ్ అడుగు పట్టీని, రెండు కింది మూలలను గట్టిగా పొడిచి చూడండి. వాన నీళ్ళు నిలిచేది అక్కడే కాబట్టి తుప్పు మొదలయ్యేదీ అక్కడే. స్క్రూడ్రైవర్ లోపలికి దిగినా, ఇనుము పొరలు పొరలుగా ఊడినా ఫ్రేమ్ తీసేయాల్సిందే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఎక్కువగా ఇదే పరిస్థితి.

ఫ్రేమ్ గట్టిగా ఉండి, రెక్కలు మాత్రమే పాడైతే రెక్కలు మార్పించుకుంటే సరిపోతుంది. పాత ఫ్రేమ్‌ను అలాగే ఉంచి లోపల కొత్త కిటికీ బిగించే పద్ధతి కూడా ఉంది. వెలుతురు వచ్చే జాగా నాలుగు వైపులా కొంత తగ్గుతుంది. గట్టి యాంగ్లర్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) ఫ్రేమ్ అయితే దీనికి అభ్యంతరం లేదు. తుప్పు పట్టిన ఫ్రేమ్ మీద మాత్రం ఇలా చేయించుకోకండి. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఉబ్బి, ముందుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కొత్త కిటికీ వెనకాల ఆ ఉబ్బు కొనసాగి, కొన్నేళ్ళకు గార పగిలి ఊడుతుంది.

మీ కిటికీ ఏ రకమో చూసుకోండి

ప్రభుత్వ క్వార్టర్లు, హౌసింగ్ బోర్డు ఇళ్ళలో కనిపించే సన్నటి ఫ్రేమ్, అద్దాల రెక్కల కిటికీలు ఎక్కువగా జెడ్ సెక్షన్‌వి, అంటే జెడ్ అక్షరం ఆకారంలో మడిచిన ఇనుప పట్టీలవి. వీటిని హోల్డ్‌ఫాస్ట్‌లు అనే చిన్న ఇనుప పట్టీలతో గోడలో బిగిస్తారు. సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) లెక్క ప్రకారం ఆ పట్టీ 15 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దాని చుట్టూ 15×10×10 సెంటీమీటర్ల కాంక్రీటు దిమ్మ ఉంటుంది. ఈ కొలతలు గుర్తుంచుకోండి. ఫ్రేమ్‌ను పీకినప్పుడు గోడలోంచి కదిలేది ఆ దిమ్మే. నాలుగున్నర అంగుళాల గోడలో ఆ దిమ్మ గోడ మందం మొత్తాన్నీ దాదాపు ఆక్రమించేస్తుంది. అది కదిలితే గోడ అవతలి వైపు కూడా పగులు కనిపిస్తుంది.

రెండో రకం యాంగ్లర్ ఫ్రేమ్. ఊచలో గ్రిల్లో దానికే వెల్డింగ్ చేసి ఉంటాయి. ఇది బరువెక్కువ. మూడోది మరీ పాత ఇళ్ళలో కనిపిస్తుంది, ఊచలు నేరుగా పైన లింటెల్‌లోకి, కింద గట్టులోకి దిగి ఉంటాయి. అలాంటి ఊచలను ఎప్పుడూ పైకి లాగకండి, తిప్పకండి. పైనా కిందా గోడ మట్టానికి కోసేయడమే.

కావలసినవి

- 4 అంగుళాల గ్రైండర్, దాని గార్డుతో సహా. గార్డు ఊడదీసిన గ్రైండర్‌తో పని చేయకండి, చేయనివ్వకండి.
- ఇనుము కోసే పల్చటి డిస్కులు, 1 నుంచి 1.2 మిల్లీమీటర్ల మందంవి. ఒక కిటికీకి నాలుగైదు దగ్గర ఉంచుకోండి. డిస్కు మీద రాసిన ఆర్‌పీఎం, మిషను మీద రాసిన ఆర్‌పీఎం కంటే ఎక్కువ ఉండాలి.
- గార కోయడానికి ఒక డైమండ్ బ్లేడు.
- హ్యాక్‌సా ఫ్రేమ్, విడి బ్లేడులు.
- ఇనుప ఉలి, ఒక కిలో సుత్తి, చిన్న గడ్డపార, రెండు చెక్క దిమ్మలు.
- కళ్ళజోడు, ముఖానికి అడ్డుపెట్టుకునే షీల్డు, ఎన్-95 మాస్కు, చేతికి బిగుతుగా ఉండే తోలు గ్లవ్స్, బూట్లు.
- తడిపిన గోనెసంచులు, రెండు బకెట్ల నీళ్ళు, ఒక బకెట్ ఇసుక.
- వెడల్పాటి టేపు, రసమట్టం, తూకం గుండు, కొలత టేపు.
- రాత్రికి కిటికీ మూయడానికి ప్లైవుడ్ ముక్క లేదా టార్పాలిన్.

గ్యాస్ కటింగ్‌తో తొందరగా అయిపోతుందని కొందరు చెబుతారు. ఇంట్లో వద్దు. ఆ వేడికి గార పగులుతుంది, గోడలో వైరింగ్ పైపు ఉంటే కరుగుతుంది, పాత రంగు కాలి విషపు పొగ వస్తుంది. టైల్స్ కోసే మార్బుల్ కట్టర్‌తో ఇనుము కోయడం కూడా అంతే ప్రమాదం.

ఎప్పుడు చేయాలి? జనవరి నుంచి మే వరకు అనుకూలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. తెరిచిపెట్టిన కిటికీ మీద వాన పడితే ఇంట్లో సామాను, కొత్త గార రెండూ పోతాయి. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌కు ముందే చెప్పండి. కిటికీ కింద కార్లు, బైకులు తీయించి, కిందివాళ్ళు అటు రాకుండా తాడు కట్టాలి.

పని క్రమం

1. ఒక్క కిటికీతోనే మొదలుపెట్టండి. అన్ని కిటికీలూ ఒకే రోజు తీయిస్తే కూలి కలిసొస్తుందని పనివాళ్ళు అంటారు. ఆ రాత్రి ఇంటికి గ్రిల్ ఉండదు, వాన వస్తే అడ్డు ఉండదు. పైగా మొదటి కిటికీ తీసినప్పుడే మీ గోడ ఇటుకా, రాయా, సిమెంటు గారా, సున్నపు గారా అన్నది తెలుస్తుంది. అది తెలిశాక మిగతావి తేలిక.

2. లింటెల్ ఆరోగ్యం చూడండి. ఈ పనిలో ప్రాణాపాయం ఉన్నది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. కిటికీ పై మూలల నుంచి గోడ మీద ఏటవాలుగా పైకి పోయే పగుళ్ళు ఉన్నాయా? లింటెల్ అడుగున పెచ్చులూడి కమ్మీ కనిపిస్తోందా? సుత్తి పిడితో తట్టితే డొల్ల శబ్దం వస్తోందా? లింటెల్ అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి పట్టి చూడండి. మధ్యలో లింటెల్ దారాన్ని కిందికి నొక్కుతుంటే అది వంగింది. అంటే ఇన్నాళ్ళూ ఆ ఫ్రేమే దాన్ని మోస్తోంది. కొన్ని పాత ఇళ్ళలో అసలు లింటెలే ఉండదు, షాబాద్ బండో కడప బండో పరిచి పైన గోడ కట్టేస్తారు. వీటిలో ఏది కనిపించినా పని ఆపి, ఒక ఇంజినీరుకు చూపించండి. సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే చోట ఇనుప జాకీలు దొరుకుతాయి. అవి లేకపోతే సరుగుడు బాదులు. వాటితో లింటెల్‌కు ఆధారం పెట్టాకే ఫ్రేమ్ మీద చేయి వేయాలి.

సన్‌షేడ్ సిమెంటు రేకుతో వేసి ఉంటే దాని జోలికి గ్రైండర్ తీసుకెళ్ళకండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

3. గది సిద్ధం చేయండి. కర్టెన్లు, పరుపులు, సోఫాలు బయటికి. గ్రైండర్ నిప్పురవ్వలు పది, పన్నెండు అడుగులు, ఒక్కోసారి అంతకంటే దూరం పోతాయి. నేల టైల్స్ మీద, గ్రానైట్ మీద పడినచోట తుప్పు చుక్కలు దిగుతాయి, అవి ఎంత తుడిచినా పోవు. అందుకే నేల మీద తడి గోనెసంచులు పరచండి. పక్క కిటికీ అద్దాలకు అట్టలు అడ్డం పెట్టండి. రవ్వలు అద్దంలో గుచ్చుకుని గరుకైపోతుంది.

కిటికీ పక్కన కూలర్ సాకెట్టో స్విచ్ బోర్డో ఉంటే దాని వైరింగ్ కిటికీ అంచునే దిగి ఉండవచ్చు. ఆ గది ఎంసీబీ ఆపేసి, గ్రైండర్‌కు కరెంటు వేరే గది నుంచి తీసుకోండి. గ్రిల్‌కు కట్టిన కేబుల్, ఇంటర్నెట్ వైర్లు ముందే విప్పి పక్కకు కట్టాలి. ఫ్రేమ్ పై మూలల్లో కందిరీగల గూళ్ళుంటాయేమో చూసుకోండి.

4. పాత రంగు గురించి జాగ్రత్త. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఉందనుకునే పని చేయాలి. రంగు పొరల అడుగున నారింజ–ఎరుపు కలిసిన ప్రైమర్ కనిపిస్తే అది సీసంతో చేసే రెడ్ లెడ్ కావచ్చు. ముదురు ఇటుక రంగులో ఉండే రెడ్ ఆక్సైడ్ వేరు. ఈ పని జరిగేటప్పుడు పిల్లలు, గర్భిణులు ఇంట్లోనే ఉండకపోతే మంచిది.

పొడి ఎమరీతో రుద్దకండి, మంట పెట్టి రంగు కాల్చకండి. మీరు కోయబోయే చోట మాత్రం రెండు అంగుళాల మేర రంగును నీళ్ళు చిలకరించి గోకేయండి, లేదా పెయింట్ రిమూవర్ రాసి తుడిచేయండి. అప్పుడు డిస్కు వేడికి రంగు కాలదు. గోకిన పెచ్చులు తడిగా ఉండగానే కవర్లో మూటకట్టాలి. చీపురుతో పొడిగా ఊడవకూడదు, తడిగుడ్డతో తుడవాలి.

5. అద్దాలు తీయండి. ప్రతి అద్దం మీద వెడల్పాటి టేపు అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు అతికించండి. పగిలినా ముక్కలు చెదరవు. తర్వాత సన్న ఉలితో లప్పం గీకండి. పాత లప్పం రాయిలా గట్టిపడి ఉంటుంది, ఉలిని అద్దం వైపు కాకుండా ఇనుము వైపు వంచి కొట్టాలి. లప్పం అడుగున చిన్న తీగ క్లిప్పులు ఉంటాయి, వాటిని ప్లయర్‌తో లాగేయండి. రెండోవాళ్ళు అద్దాన్ని అవతల వైపు నుంచి ఆనించి పట్టుకోవాలి. పై అంతస్తులో అవతల మనిషి నిలబడే చోటు లేకపోతే రెక్క తెరిచి, లోపలికి తిప్పుకోగలిగితే లోపలే తీయండి. కుదరకపోతే టేపు వేసిన అద్దంతో సహా రెక్కనే ఊడదీసి లోపలికి తెచ్చుకోవడం నయం.

6. రెక్కలు ఊడదీయండి. మడతబందుల స్క్రూలు తిరగవు, వాటితో గంటలు గంటలు కుస్తీ పట్టకండి. ముందురోజు రాత్రి కిరోసినో డబ్ల్యూడీ-40యో కొట్టి ఉంచితే కొన్ని వస్తాయి. రానివాటికి మడతబంద్ గొట్టం మధ్యలో కోత పెట్టండి. కింది మడతబంద్ ముందు, పైది తర్వాత. పైది ముందు కోస్తే రెక్క బయటికి వాలి, కింద ఉన్నదాన్ని మెలితిప్పుకుంటూ పడిపోతుంది. పై అంతస్తుల్లో రెక్కకు తాడు కట్టి, ఆ తాడు గది లోపల గట్టిదానికి కట్టాకే కోయాలి.

7. గార అంచున గీత కోయండి. ఫ్రేమ్ చుట్టూ, అర అంగుళం దూరంలో డైమండ్ బ్లేడుతో గార మందం మేర, అంటే 12 నుంచి 15 మిల్లీమీటర్ల లోతున ఒక గీత కోయాలి. గార ఊడినా ఆ గీత దగ్గరే ఆగిపోతుంది, గోడంతా పెచ్చులుగా రాదు. ఈ ఒక్క అరగంట పని వదిలేస్తే తర్వాత రెండు రోజుల మేస్త్రీ పని పెరుగుతుంది. సున్నపు గార గోడలకు ఇది మరీ ముఖ్యం, ఆ గార పలకలు పలకలుగా ఊడుతుంది. కోసేటప్పుడు రెండోవాళ్ళు స్ప్రే బాటిల్‌తో కోత మీద కొద్దికొద్దిగా నీళ్ళు చల్లితే దుమ్ము లేవదు. మిషను మీద నీళ్ళు పడకూడదు.

8. హోల్డ్‌ఫాస్ట్‌లు ఎక్కడున్నాయో కనిపెట్టండి. గీత లోపలి గారను ఉలితో తొలగించాక ఫ్రేమ్‌కు, గోడకు మధ్య సన్నటి సందు కనిపిస్తుంది. అందులోకి విడి హ్యాక్‌సా బ్లేడు దూర్చి పై నుంచి కిందికి జరపండి. ఎక్కడ తగిలి ఆగుతుందో అక్కడ హోల్డ్‌ఫాస్ట్ ఉంది. సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. నాలుగు అడుగుల కిటికీకి పక్కకు రెండు లేదా మూడు ఉంటాయి. వెడల్పాటి కిటికీలకు పైనా కిందా కూడా ఉండవచ్చు, నాలుగు వైపులా వెతకాలి. ఒక్కటి తప్పిపోయినా తర్వాత అక్కడే గోడ పగులుతుంది. ఎంత లాగినా రాని ఫ్రేమ్ కథ ఎప్పుడూ దొరకని హోల్డ్‌ఫాస్ట్ కథే.

9. హోల్డ్‌ఫాస్ట్‌లు కోయండి. గుర్తు పెట్టినచోట మూడు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పున గార చెక్కితే పట్టీ బయటపడుతుంది. దాన్ని గ్రైండర్‌తో కోసేయండి. డిస్కు దూరకపోతే విడి బ్లేడు చివర గుడ్డ చుట్టి చేత్తో కోయండి. 3 మిల్లీమీటర్ల పట్టీయే కాబట్టి ఓపిక పడితే తెగుతుంది. ఇంకో దారి కూడా ఉంది. పట్టీ జోలికి పోకుండా, దానికి అంగుళం పైన, అంగుళం కింద ఫ్రేమ్‌నే కోసేయవచ్చు. ఫ్రేమ్ అంతా వచ్చేశాక మిగిలిన చిన్న ముక్కను తీరిగ్గా తీసుకోవచ్చు. గ్రైండర్ తప్ప వేరే పనిముట్టు లేనివాళ్ళకు నేను చెప్పేది ఈ రెండో పద్ధతే.

10. ఊచలు, గ్రిల్, మధ్య పట్టీ కోయండి. ప్రతి ఊచకూ కింది కోత ముందు, పై కోత తర్వాత. పైది తెగేటప్పుడు రెండోవాళ్ళు ఊచను పట్టుకుని ఉండాలి, వాళ్ళ చేయి కోతకు కనీసం రెండు అడుగుల దూరంలో ఉండాలి. గ్రైండర్ పట్టుకున్నవాళ్ళు డిస్కుకు సూటిగా ఎదురుగా కాక, కొంచెం పక్కకు నిలబడాలి. లుంగీ, చున్నీ, చీర కొంగు, మెడలో తువ్వాలు ఏవీ వేలాడకూడదు.

11. ఫ్రేమ్‌ను నాలుగు ముక్కలు చేయండి. అడుగు పట్టీ మధ్యలో ఒక కోత, రెండు పక్క పట్టీల మధ్యలో ఒక్కో కోత, చివరగా పై పట్టీ మధ్యలో ఒక కోత. మొదటి మూడు కోతలు అవగానే కింది రెండు మూలల ముక్కలు తీసేయండి. పై పట్టీ కోత ఆ తర్వాతే. అప్పటిదాకా పై భాగం హోల్డ్‌ఫాస్ట్‌లు కోసేసినా గార పట్టు మీదే నిలబడి ఉంటుంది. రెండోవాళ్ళు దాన్ని పట్టుకునే ఉండాలి.

4 అంగుళాల డిస్కు ఒక అంగుళానికి మించి లోతుకు పోదు. 40 మిల్లీమీటర్ల యాంగ్లర్‌ను రెండు వైపుల నుంచి కోసి, మిగిలిన కొసను హ్యాక్‌సాతో తెంపండి. డిస్కును పక్కకు వంచి లోతుకు పోవాలని చూస్తే అది పగిలి ముక్కలు ఎగురుతాయి.

కోత పెడుతుండగా సందు మూసుకుపోతూ డిస్కును బిగబట్టేస్తోందా? వెంటనే ఆపండి. ఫ్రేమ్ మీద పై నుంచి బరువు ఉందన్నమాట. డిస్కు అరిగిందనో మిషను బలం తక్కువనో అనుకుని నొక్కితే గ్రైండర్ ఎగిరి వెనక్కి కొడుతుంది. పైన చెప్పిన 2వ అంశానికి తిరిగి వెళ్ళి లింటెల్‌కు జాకీలు పెట్టండి.

12. ముక్కలను గది లోపలికి లాగండి. గడ్డపార మొనను ఫ్రేమ్ వెనక్కి దూర్చి, గోడ అంచు మీద చెక్క దిమ్మ ఆనించి, దాని మీద గడ్డపార వాల్చాలి. ఇటుక అంచునే ఆనిస్తే ఇటుక విరుగుతుంది. ఎప్పుడూ లోపలికే, బయటికి నెట్టకూడదు. కింది అంతస్తులో కూడా అంతే. మామూలు బలంతో కదలకపోతే బలం పెంచకండి. ఏదో ఇంకా పట్టుకుని ఉంది, మళ్ళీ బ్లేడు దూర్చి వెతకండి.

13. గోడలో మిగిలిన ఇనుము. హోల్డ్‌ఫాస్ట్ మొత్తాన్ని కాంక్రీటు దిమ్మతో సహా తవ్వి తీయాలని మేస్త్రీ పట్టుబడతాడు. అవసరం లేదు. గోడ మట్టానికి 10 నుంచి 15 మిల్లీమీటర్ల లోపలికి పట్టీని కోసి, తుప్పు గోకి, కొసకు జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ రాసి ఆరనిచ్చి, 1:4 సిమెంటు–ఇసుక పాళ్ళతో పూడ్చండి. అయితే గోడ మట్టానికే కోసి పైన గార పూసి వదిలేస్తే మాత్రం రెండు వానాకాలాలు తిరిగేసరికి ఆ చోట ఎర్రటి మరక, తర్వాత పగులు వస్తాయి. కోత లోపలికి ఉండాలి.

14. అంచులు సరిచేయండి. వదులుగా ఉన్న గార అంతా తట్టి రాల్చి, దుమ్ము కడిగి, గోడను బాగా తడపండి. పొడి ఇటుక మీద గార వేస్తే నీళ్ళన్నీ ఇటుక పీల్చేసుకుని గార పట్టు తప్పుతుంది. అంగుళం కంటే లోతైన గుంటలను ఒకే దెబ్బలో నింపకుండా, ఇటుక ముక్కలు పెట్టి, ముందురోజు ఒక పొర, మరుసటిరోజు ఒక పొర వేయించండి. బయటి అంచులకు పీఓపీ, జిప్సం వాడనివ్వకండి, వానకు కరిగిపోతాయి. తర్వాత ఏడు రోజులు నీళ్ళు కొట్టాలి. "రేపే కొత్త కిటికీ బిగించేస్తాం" అన్నవాళ్ళ మాట వినకండి. పచ్చి గారలో దింపిన స్క్రూ పట్టు నిలవదు.

పని సరిగ్గా అయిందో లేదో చూసుకోవడం

మేస్త్రీకి డబ్బులిచ్చేముందు ఈ పరీక్షలు మీరే చేయండి.

ఖాళీ చట్రం, అంటే ఫ్రేమ్ తీశాక గోడలో మిగిలిన చోటు, మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతల మధ్య తేడా 5 మిల్లీమీటర్లు దాటితే చట్రం వంకరగా ఉంది. వెడల్పును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల, ఎత్తును కూడా అలాగే మూడుచోట్ల కొలవండి. కొత్త కిటికీకి ఇవ్వాల్సింది వాటిలో అన్నిటికంటే చిన్న కొలత. దాంట్లోంచి చుట్టూ వదలాల్సిన సందు తీసేయాలి. సాధారణంగా ఒక్కో వైపు 5 నుంచి 10 మిల్లీమీటర్లు వదులుతారు. బిగించేవాళ్ళనే అడిగి ఖాయం చేసుకోండి. పాత ఫ్రేమ్ ఉండగా తీసుకున్న కొలతలతో కొత్త కిటికీ ఆర్డరివ్వడం అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. ఫ్రేమ్, దాని చుట్టూ గార పోయాక చట్రం పెద్దదవుతుంది, అంచులు సరిచేశాక మళ్ళీ మారుతుంది. గార ఆరాకే కొలవండి.

రెండు పక్కలకూ తూకం గుండు వేసి నిటారుగా ఉన్నాయో చూడండి. అడుగు గట్టు మీద రసమట్టం పొడవునా పెడితే బుడగ మధ్యలో ఉండాలి, లోపలి నుంచి బయటికి పెడితే బుడగ గది వైపు ఉండాలి. అంటే గట్టు బయటికి వాలుగా ఉందని. నమ్మకం కుదరకపోతే ఒక చెంబు నీళ్ళు గట్టు మీద పోయండి. ఒక్క చుక్క కూడా లోపలి గోడ మీదికి రాకూడదు. పాత కిటికీ తుప్పుకు సగం కారణం ఈ వాలు లేకపోవడమే.

చుట్టూ గారను సుత్తి పిడితో మెల్లగా తట్టండి. డొల్ల శబ్దం వచ్చినచోట మళ్ళీ చేయించండి. లింటెల్ అడుగున, ముందు ఉన్న పగుళ్ళ రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీతలు పెట్టి తేదీ రాయండి. వారం తర్వాత పగులు గీత దాటి పెరిగితే ఇంజినీరును పిలవాల్సిందే, కొత్త కిటికీ అప్పటిదాకా ఆగాలి.

కోత పని ముగిశాక ఒక గంటపాటు ఆ గదిలో మనిషి ఉండాలి. గోనెసంచి మడతలో, చెక్క సందులో పడ్డ రవ్వ వెంటనే అంటుకోదు, నెమ్మదిగా రాజుకుంటుంది. అందరూ భోజనానికి వెళ్ళిపోయిన సమయంలోనే పొగ వస్తుంది.

పాత ఇనుము అమ్మేటప్పుడు

తూకం ముందే అంచనా వేసుకోండి. 40×40×5 మిల్లీమీటర్ల యాంగ్లర్ మీటరుకు 3 కిలోలు. నాలుగు అడుగుల చదరపు కిటికీకి చుట్టుకొలత దాదాపు 4.9 మీటర్లు, అంటే ఫ్రేమే 14 కిలోల పైమాట. 10 మిల్లీమీటర్ల చదరపు ఊచ మీటరుకు 785 గ్రాములు. అలాంటి ఊచలు పదకొండు ఉంటే మరో 10 కిలోలు. మొత్తం 25 కిలోల చుట్టూ రావాలి. తుప్పు పోగా కొంత తగ్గుతుంది కానీ, 15 కిలోలే వచ్చిందంటే మళ్ళీ తూకం వేయించండి.

అద్దం ముక్కలు ఇనుముతో కలిపి పంపకండి. గోనెసంచిలో మందంగా చుట్టి, పైన "గాజు" అని రాసి విడిగా ఇవ్వండి. చెత్త బండి మనిషి చేతులు తెగకుండా ఉంటాయి. గోకిన రంగు పెచ్చుల మూటను తోటలో, మొక్కల కుండీల్లో పారేయకండి. ఇక కొన్ని జెడ్ సెక్షన్ కిటికీల పిడులు, స్టేలు (తెరిచిన రెక్కను ఆపి ఉంచే పట్టీలు) ఇత్తడివి అయి ఉంటాయి. రంగు పొరల కింద తెలియదు, ఆకురాయితో కొంచెం రుద్దితే పసుపు మెరుపు బయటపడుతుంది. ఇత్తడి ధర ఇనుముకు ఎన్నో రెట్లు. వాటిని ముందే విప్పి, విడిగా తూకం వేయించండి.